పుష్కరాల టెండర్‌లో ‘8కె’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి

2028 కృష్ణా పుష్కరాల చిత్రీకరణకు టెండర్ పత్రాలు తయారుచేసే అధికారులకు,

నమస్కారం. విజయవాడ, గుంటూరుల్లో కెమెరా, ఎడిటింగ్, కలరింగ్ (రంగులు సరిచేయడం), డేటా పనులు చేసేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది.

కృష్ణా పుష్కరాలు 2016లో ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి. మళ్లీ 2028లో వస్తాయి, అవి దాటితే 2040. సినిమా షూటింగులో షాట్ పాడైతే ఇంకో రోజు కాల్షీట్ పెట్టుకుని తీసుకోవచ్చు. దుర్గా ఘాట్‌లో తొలి రోజు తెల్లవారుజామున నీళ్లలోకి దిగిన జనాన్ని మళ్లీ దించలేం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఈ పనిలో కుదరదు. అందుకే పత్రంలో మాటలు ఖాయం కాకముందే మీ దృష్టికి తెస్తున్నాం.

మేం 8కెకి, అంటే అడ్డంగా దాదాపు ఎనిమిది వేల చుక్కలు (పిక్సెళ్లు) ఉండే వీడియోకి, వ్యతిరేకం కాదు. ఇలాంటి పనికి 8కె కావాలి కూడా. కానీ ‘చిత్రీకరణ 8కె రిజల్యూషన్‌లో ఉండాలి’ అని ఒక్క వాక్యం రాస్తే, ఆ షరతును ఫోను కూడా నెరవేరుస్తుంది. 8కె వీడియో తీసే ఫోన్లు 2020 నుంచే మార్కెట్లో ఉన్నాయి. తక్కువ రేటు వేసినవారికే పని దక్కే పద్ధతిలో మంచి లెన్సుకు, సరిపడా స్టోరేజీకి, డేటా చూసుకునే మనిషికి డబ్బు లెక్కగట్టినవాళ్లు వెనకబడతారు. అవేవీ లెక్కలో వేయనివాళ్లు ముందుకొస్తారు. చివరికి మీ చేతికొచ్చే ఫైలు మీద 7680 × 4320 అనే ఉంటుంది. తెరిచి చూస్తే లోపల వివరం ఉండదు. కాబట్టి మా మనవి ఒక్కటే: రిజల్యూషన్ అంకెను కాకుండా, కెమెరా ముందున్న గాజు దగ్గర్నుంచి 2040లో ఆ ఫైలు తెరుచుకునేదాకా ఉన్న మొత్తం దారిని టెండర్‌లో రాయండి. ఆ దారిలో ఎక్కడెక్కడ ఏం చెడుతుందో కింద చెబుతున్నాం.

ముందు అంకెలు. 8కె అంటే 7680 × 4320, మొత్తం 3 కోట్ల 31 లక్షల పిక్సెళ్లు. టీవీ వాళ్ల 4కె 3840 × 2160, అంటే 83 లక్షలు. సినిమా వాళ్ల 4కె 4096 × 2160. ‘4కె’ అని మాత్రమే రాస్తే ఒకరు ఒకటి తెస్తారు, ఇంకొకరు ఇంకోటి తెస్తారు, ఎడిటింగ్‌లో అన్నీ కలిపేటప్పుడు కొన్ని పక్కలు కోయాలి, కొన్ని సాగదీయాలి. ఫ్రేమ్ సైజును రెండు అంకెల్లో రాస్తే ఈ గొడవ ఉండదు.

ఈ అంకెలు చెప్పేది గళ్ల లెక్క మాత్రమే. గడిలో ఏం పడిందన్నది వేరే సంగతి. చాలా కెమెరాల సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది. సగం గళ్లు ఆకుపచ్చవి, పావు ఎరుపు, పావు నీలం. మిగతా రెండు రంగుల్ని పక్క గళ్లను చూసి లెక్కగట్టి నింపుకుంటుంది. అందువల్ల 8కె సెన్సర్ నుంచి పూర్తి 8కె వివరం ఎప్పుడూ రాదు. అదే 8కెని 4కెకి దించితే మాత్రం నిఖార్సైన 4కె వస్తుంది. 8కెలో తీయడానికి ఉన్న బలమైన కారణాల్లో ఇదొకటి.

ఇక లెన్సు. టెండర్లలో లెన్సు గురించి ఒక్క ముక్క కూడా ఉండదు, అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. అపెర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది మూసుకుంటుంది) చిన్నదయ్యేకొద్దీ కాంతి అంచుల దగ్గర వంగి, చుక్కలా పడాల్సింది బిళ్లలా పరుచుకుంటుంది. ఎఫ్ 5.6 దగ్గర ఆ బిళ్ల వెడల్పు సుమారు 7.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎఫ్ 11 దగ్గర 15, ఎఫ్ 16 దగ్గర 21 దాటుతుంది. 36 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద 8కె పిక్సెల్ వెడల్పు 4.7 మైక్రాన్లే. ఎఫ్ 16లో తీస్తే ఒక్క చుక్క నాలుగు పిక్సెళ్లకు పైగా పరుచుకుంటుంది. కెమెరా 8కె రాసుకుంటూనే ఉంటుంది, వివరం మాత్రం 8కెకి చాలా దిగువనే ఆగిపోతుంది.

ఘాట్‌లో ఎఫ్ 16 దాకా ఎందుకు వెళ్తారంటే, ఎండ. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800, షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కు కాంతి పడే సమయం) 1/50 సెకను పెడితే ఆ వెలుతురుకి లెక్క ప్రకారం ఎఫ్ 64 కావాలి. దాన్ని ఎఫ్ 5.6కి తేవాలంటే 7 స్టాపుల (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి గాజు), అంటే ఎన్‌డీ 2.1 ఉండాలి. ఫిల్టర్ తెచ్చుకోనివాళ్లు అపెర్చర్ మూసేస్తారు, లేదా షట్టర్ 1/1000కి పెంచేస్తారు. షట్టర్ పెంచితే నీళ్ల చిందులు గాజుపెంకుల్లా గుచ్చుకుంటాయి, నడిచే జనం తడబడుతున్నట్టు కనిపిస్తారు. చౌక ఎన్‌డీ పెడితే ఇంకో తంటా. అది కంటికి కనిపించే వెలుతురును ఆపుతుంది గానీ ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలేస్తుంది. నల్ల గొడుగు, నల్ల చొక్కా ఎర్రమట్టి రంగులోకి తిరుగుతాయి, కలరింగ్‌లో ఎంత లాగినా పూర్తిగా పోదు. కాబట్టి ‘ప్రతి కెమెరాకూ ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపే ఎన్‌డీ, కనీసం 2.1 వరకు, పగటి షాట్లు ఎఫ్ 4 నుంచి 8 మధ్యలో’ అని రాయండి. ఈ ఒక్క వాక్యం చేసే మేలు, కెమెరా మోడల్ మార్చినా రాదు.

ఫోకస్ కూడా ఇంతే కఠినంగా మారుతుంది. 50 ఎంఎం లెన్సు, ఎఫ్ 2.8, మనిషి 3 మీటర్ల దూరం అనుకుందాం. పాత లెక్కలో సుమారు 60 సెంటీమీటర్ల లోతు ఫోకస్‌లో ఉన్నట్టు. 8కె గడిని బట్టి, రెండు పిక్సెళ్లకు మించి చెదరకూడదనుకుంటే అది 19 సెంటీమీటర్లకు పడిపోతుంది. మునక వేసి లేచే మనిషి ముందుకు ఒక్క అడుగు వేస్తే చాలు, ముఖం మెత్తబడుతుంది. చేతి కెమెరా మీద ఉండే 5 అంగుళాల మానిటర్‌లో ఆ తేడా కనపడదు. సాయంత్రం పెద్ద మానిటర్ మీద వేసినప్పుడే బయటపడుతుంది. అందుకే తిరిగే కెమెరాలకు 8కె అడగొద్దంటున్నాం. ఫోకస్ పుల్లర్ (ఫోకస్ మాత్రమే చూసుకునే మనిషి) లేకుండా, జనం మధ్య భుజం మీద పెట్టుకుని తీసే కెమెరాకు మంచి 4కె చాలు.

8కె ఎక్కడ కావాలో కూడా చెబుతాం. కదలకుండా నిలబెట్టే వైడ్ షాట్లకు. ఇంద్రకీలాద్రి మీది నుంచి ఒకటి, నది అవతల సీతానగరం వైపు నుంచి ఒకటి పెట్టి ఘాట్లను చూస్తుంటే, అందులోంచి తర్వాత ఏ ముక్క కావాలంటే ఆ ముక్క కోసుకోవచ్చు. ప్రతి ఫ్రేమూ 25 అంగుళాల వెడల్పు పుస్తకచిత్రంగా అచ్చు వేసుకోవచ్చు. అయితే ‘8కెలో ప్రతి భక్తుడి ముఖం కనిపిస్తుంది’ అని ఎవరైనా ప్రెజెంటేషన్‌లో చెబితే లెక్క అడగండి. 100 మీటర్ల వెడల్పు ఘాట్‌ను ఒక్క 8కె ఫ్రేమ్‌లో పెడితే మీటరుకు 77 పిక్సెళ్లు వస్తాయి. మనిషి ముఖం వెడల్పు 15 సెంటీమీటర్లు, అంటే 11, 12 పిక్సెళ్లు. ఎవరో గుర్తుపట్టలేం. వెడల్పు 20 మీటర్లకు తగ్గిస్తే అదే ముఖానికి 58 పిక్సెళ్లు దక్కుతాయి, అప్పుడు ముఖం ముఖంలా ఉంటుంది. కాబట్టి ఏ స్థానంలో ఎంత వెడల్పు చూపించాలో మీటర్లలో రాయండి.

ఆ స్థానాలు ఎంచుకునేటప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద కెమెరా పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. 70 గేట్ల ఆ వరస ఎవరినైనా లాగుతుంది. కానీ అది వాహనాలు నడిచే వంతెన. 400 ఎంఎం లెన్సుతో 8కెలో ఒక్క పిక్సెల్ అంటే డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు. వాహనం వెళ్లినప్పుడల్లా బొమ్మ వణుకుతుంది. స్టెబిలైజేషన్ వేస్తే ఊపు పోతుంది గానీ, ఆ క్షణంలో పడిన మసక పోదు. వంతెన మీద వైడ్ లెన్సులే వాడాలి. పొడవు లెన్సులు నేల మీదో కొండ మీదో ఉండాలి, ట్రైపాడ్‌కు ఇసుక బస్తా వేలాడదీయాలి. ఎండ ముదిరాక కాంక్రీటు మెట్ల మీద గాలి సెగలా ఆడుతుంది. అవతలి ఒడ్డు నుంచి నది మీదుగా తీసే షాట్లలో అప్పుడు 8కెకీ హెచ్‌డీకీ తేడా ఉండదు. అలాంటివి సూర్యోదయానికి ముందు మొదలుపెట్టి ఎనిమిది గంటల లోపు ముగించాలి.

ఉదయపు షాట్లకు ఒక చిన్న జాగ్రత్త. వానాకాలపు ఉక్కలో, రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను నేరుగా ఘాట్‌లో తెరిస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. ముందు గాజు తుడుచుకోవచ్చు. లోపలి గాజు మీద పడింది చేతికి అందదు, అరగంటకు పైగా అలాగే ఉండిపోతుంది. జిప్పు వేసిన బ్యాగులోనే ఉంచి, నలభై నిమిషాల ముందే బయటి గాలికి అలవాటు చేయాలి. మధ్యాహ్నం దీనికి తలకిందులు. ఎక్కువ కెమెరాలకు కాగితం మీద పని చేయగల హద్దు 40 డిగ్రీలు, నల్లటి బాడీ ఎండలో ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. ప్రతి కెమెరాకు తెల్ల గొడుగు ఖర్చు రాసినా తప్పు కాదు.

తర్వాత కోడెక్, అంటే వీడియోను కుదించి ఫైలుగా రాసే పద్ధతి. ఇది కంటికి కనపడని చోట జరిగే కోత, అందుకే ఎక్కువ డబ్బు మిగుల్చుకునేది ఇక్కడే. 8కె, సెకనుకు 25 ఫ్రేములు, 200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) హెచ్.265 ఫైలు తీసుకోండి. పిక్సెల్‌కు దక్కేది సుమారు 0.24 బిట్. 4కె ప్రోరెస్ 422 హెచ్‌క్యూ (తక్కువగా కుదించే, ఎడిటింగ్‌కు వాడే కోడెక్) అదే వేగంలో 737 ఎంబీపీఎస్, పిక్సెల్‌కు 3.5 బిట్లు. దాదాపు 15 రెట్ల తేడా. హెచ్.265 తెలివైన పద్ధతే. ముందు ఫ్రేమ్‌లో ఉన్నదాన్ని మళ్లీ రాయకుండా, మారినదాన్నే రాసుకుంటుంది. గోడ ముందు కూర్చుని మాట్లాడే మనిషికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. పారే నదికి సరిపోదు. కృష్ణ మీద పొద్దున్నే ఎండ పడినప్పుడు ప్రతి అల మీద తళుకు, ప్రతి ఫ్రేమ్‌లో కొత్త చోట. దాని మీద వదిలిన పూలు, దీపాల దొప్పలు, వేల చేతులు చల్లే నీళ్లు. ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ దాదాపు ఏదీ పాతది కాదు. బిట్లు చాలక కోడెక్ నీళ్లను నలుచదరపు ముక్కలుగా నలిపేస్తుంది. ఆగిన ఫ్రేమ్‌ను వంద శాతం సైజులో చూస్తే నది మైనం కరిగినట్టు ఉంటుంది.

అందుకే 8కె స్థానాలకు 12 బిట్ రా (సెన్సర్ చూసింది చూసినట్టు రాసే ఫైలు), కంప్రెషన్ 5:1 లేదా అంతకంటే మెరుగ్గా అని రాయండి. 4కె కెమెరాలకు 10 బిట్ 422 (రంగు వివరాన్ని సగానికి మించి తగ్గించని పద్ధతి), ప్రతి ఫ్రేమ్‌నూ విడిగా రాసే కోడెక్. 8 బిట్ వద్దే వద్దు. 8 బిట్లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్లో 1024. తెల్లవారే ఆకాశం నారింజ నుంచి నీలానికి తిరిగేచోట 256 మెట్లు చాలవు, గీతలు గీతలుగా పట్టీలు కనిపిస్తాయి. లాగ్‌లో (వెలుగునీడలు పట్టుకోవడానికి చప్పగా తీసే పద్ధతిలో) తీసి కలరింగ్ చేస్తే మరీ ఎక్కువ.

సాయంత్రం హారతి గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే పుష్కరాల సినిమాలో అందరూ వెతుక్కునే షాట్ అదే. చీకటి నది, మధ్యలో మండే వత్తులు, వెనక అర్చకుల ముఖాలు. ముఖం కనపడాలని ఎక్స్‌పోజర్ పెంచితే మంట తెల్లటి మచ్చ అవుతుంది. లోపలి పసుపు, అంచున నారింజ, చివర పొగలో కలిసే ఎరుపు, అన్నీ ఒకే తెలుపు. ఒకసారి తెల్లబడ్డాక వెనక్కి తెచ్చే మందు లేదు. ఇక్కడ కావాల్సింది పిక్సెళ్లు కాదు, వెలుగు నుంచి చీకటి దాకా పట్టుకునే శక్తి. 14 స్టాపులు పట్టే 4కె కెమెరా, 12 స్టాపుల 8కె కెమెరా కంటే హారతికి నిస్సందేహంగా మంచిది. వేవ్‌ఫామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూసి మంట దాని పై హద్దుకు తగలకుండా ఎక్స్‌పోజర్ కట్టాలి, ముఖాలను కలరింగ్‌లో లేపుకోవాలి. నాయిస్ (ఇసుక చల్లినట్టు గరుకు) కొంచెం వచ్చినా సరే.

అదే సాయంత్రం ఇంకో చిక్కు, దీపాలంకరణ. మన కరెంటు 50 హెర్ట్జ్. సినిమా లుక్ కోసమని సెకనుకు 24 ఫ్రేములు, 180 డిగ్రీల షట్టర్ (అంటే 1/48 సెకను) పెడితే చాలా లైట్లు కొట్టుకుంటాయి, అంటే మిణుకుమంటాయి. 24 ఫ్రేములే కావాలంటే షట్టర్ 172.8 డిగ్రీలు (అంటే 1/50) పెట్టాలి. అంతకంటే, అన్ని కెమెరాలకూ 25 ఫ్రేములు, 1/50 అని పత్రంలోనే కట్టేయడం సుఖం. కదలని వైడ్ కెమెరాలకు 1/100 ఇంకా మేలు, ఆగిన ఫ్రేమ్ పదునుగా ఉంటుంది, కొట్టుకోవడమూ ఉండదు. చౌక డ్రైవర్లున్న ఎల్ఈడీ సీరియల్ లైట్లు మాత్రం ఏ షట్టర్‌కీ లొంగవు. హై రిజల్యూషన్‌లో చదివే సెన్సర్లు పై వరస నుంచి కింది వరసకు రావడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి కాబట్టి, వాటిలో నల్ల పట్టీలు కిందికి జారుతూ కనిపిస్తాయి. లైటింగ్ టెండర్ వేరే విభాగం రాస్తుందని తెలుసు. ఆ పత్రంలో ‘కెమెరాలో ఫ్లికర్ లేని డ్రైవర్లు’ అని ఒక్క షరతు చేర్పించండి, ముందురోజు రాత్రి కెమెరా పెట్టి చూశాకే లైట్లకు బిల్లు పాస్ చేయండి.

డ్రోన్ల గురించి రెండే మాటలు. డ్రోన్ నియమాలు 2021 ప్రకారం, 250 గ్రాముల లోపు నానో డ్రోన్లు తప్ప, ఇలాంటి వాణిజ్య పనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే ఎగరేయాలి. జనం నెత్తిమీద ఎగిరే డ్రోన్‌కు ముఖ్యం 8కె కాదు; డ్రోన్ చిన్నదిగా ఉండటం, పక్కాగా వెనక్కి దిగే చోటు.

ఇప్పుడు డేటా. టెండర్లు ఎక్కువగా కూలేది ఇక్కడే.

8కె 12 బిట్ రా, కంప్రెషన్ లేకుండా, సెకనుకు 1.24 గిగాబైట్లు. 5:1 చేస్తే సెకనుకు 250 మెగాబైట్లు, గంటకు 0.9 టెరాబైట్. పది కెమెరాలూ 8కెలో, రోజుకు నాలుగేసి గంటలు, పన్నెండు రోజులు తీస్తే 432 టెరాబైట్లు. మూడు కాపీలంటే 1,300 దాకా. మేం చెప్పినట్టు రెండు కెమెరాలే 8కె, మిగతా ఎనిమిది 4కె ప్రోరెస్ అయితే మొత్తం 214 టెరాబైట్లు. సగం. మిగిలిన డబ్బుతో లెన్సులు, ఫిల్టర్లు, మనుషులు వస్తారు.

ఒక 8కె కెమెరా ఒక్క రోజు డేటా 3.6 టెరాబైట్లు. బజార్లో దొరికే మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ సెకనుకు 180 మెగాబైట్లు రాస్తే కాపీకే ఐదున్నర గంటలు. రాసింది సరిగ్గా పడిందో లేదో తిరిగి చదివి చూడ్డానికి ఇంకో ఐదున్నర. అంటే ఒక కాపీకి పదకొండు గంటలు. రెండో కాపీ సంగతి దేవుడెరుగు, మర్నాడు తెల్లవారుజామున మూడింటికి అవే కార్డులు కెమెరాలో ఉండాలి. అప్పుడు జరిగేది ఒక్కటే: ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు, సైజులు కనిపించాయి కదా అని కార్డు ఫార్మాట్ చేసేస్తారు. పేరు ఉన్నంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు. సగంలో కేబుల్ వదులైనా, జనరేటర్ మారేటప్పుడు రెండు సెకన్లు కరెంటు పోయినా, సైజు సరిపోయి లోపల చెడిపోయిన ఫైళ్లు వస్తాయి. ఎడిటింగ్‌లో నెల తర్వాత ప్లే చేస్తే ఆకుపచ్చ చారలు.

సెకనుకు 800 మెగాబైట్లు రాసే ఎస్ఎస్‌డీ రెయిడ్ (కలిపి వాడే వేగమైన డిస్కుల పెట్టె), 10 గిగాబిట్ నెట్‌వర్క్ ఉంటే అదే 3.6 టెరాబైట్లు గంటా పావులో ఎక్కుతాయి, ఇంకో గంటా పావులో సరిచూడ్డం అయిపోతుంది. సాధారణ ఒక గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకు 110 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతుంది, దాని మీద ఎంత మంచి డిస్కు పెట్టినా వృథా. కాబట్టి డేటా స్టేషన్‌ను విడి అంశంగా రాయండి: ఏసీ గది, ఆన్‌లైన్ యూపీఎస్, రెండు కాపీ మెషీన్లు, షిఫ్టుకు ఇద్దరు చొప్పున మూడు షిఫ్టులకు డీఐటీ (షూటింగ్ డేటా చూసుకునే) మనుషులు. ప్రతి ఫైలుకూ ఎక్స్ఎక్స్‌హ్యాష్ లేదా ఎండీ5 చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా పట్టిచ్చే అంకె), ఆ జాబితా రోజూ మీ ఆఫీసుకు. చెక్‌సమ్ సరిపోయిన కాపీలు రెండు ఉన్నాకే కార్డు ఖాళీ చేయాలి, అదీ కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి, కంప్యూటర్లో కాదు. షూట్ అయిన కార్డుకు ఎర్ర టేపు, ఖాళీ కార్డుకు పచ్చ టేపు. నిద్రలేని నాలుగో రోజు రాత్రి మనిషిని కాపాడేది ఆ టేపు ముక్కే.

అన్ని కెమెరాలకూ ఒకే టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కూ పడే గడియారపు గుర్తు) ఉండాలి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కలపాలి. లేకపోతే ఎనిమిది కెమెరాల హారతిని ఒక్కచోట పేర్చడానికి ఎడిటర్‌కు వారాలు పడుతుంది.

లైవ్‌ను ఈ పనిలో కలపొద్దు. ఘాట్‌లో పెట్టే ఎల్ఈడీ తెరలు సాధారణంగా పీ10 రకం, అంటే చుక్కకూ చుక్కకూ 10 మిల్లీమీటర్లు. 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు తెరలో ఉండేవి 610 × 366 చుక్కలు. పీ6 అయినా వెయ్యి చుక్కల వెడల్పే. దాని మీదికి 8కె పంపినా, 1080 పంపినా చూసేవాళ్లకు ఒకటే. 4కె 50 ఫ్రేముల సిగ్నల్ 12జీ-ఎస్‌డీఐ (వీడియో సిగ్నల్ పంపే పద్ధతి) ఒక్క కేబుల్లో వెళ్తుంది గానీ, రాగి తీగ మీద 70, 80 మీటర్లు దాటితే నమ్మలేం, ఫైబర్ వేయాలి. 8కెకి అలాంటివి నాలుగు. లైవ్‌కు 1080, 50 ఫ్రేములు పెట్టుకోండి, సిగ్నల్‌ను ఫైబర్ మీద పంపండి. లక్షల ఫోన్లు ఒకచోట చేరినప్పుడు సిమ్ కార్డుల మీద నడిచే లైవ్ బ్యాక్‌ప్యాక్‌లు నిలబడవు. లైవ్ మిక్సర్‌లో రికార్డయిందే ఆర్కైవ్ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి; అది ఆ పూటకు వండిన భోజనం. ధాన్యం కెమెరా కార్డుల్లో ఉంటుంది.

చూసి ఆమోదించే పద్ధతి కూడా రాయాలి. 65 అంగుళాల టీవీ ఎత్తు 81 సెంటీమీటర్లు. మామూలు కంటికి దాని మీద హెచ్‌డీ వివరం రెండున్నర మీటర్ల దాకా, 4కె వివరం మీటరూ పావు దాకా, 8కె వివరం 65 సెంటీమీటర్ల లోపే తెలుస్తుంది. సమావేశ మందిరంలో పది అడుగుల దూరం కూర్చుని చూస్తే ఏది 8కెనో ఎవరమూ చెప్పలేం, మేమూ చెప్పలేం. పైగా టీవీలో పదును, రంగు పెంచే మోడ్ ఆన్‌లో ఉంటే నాసిరకం ఫైలే బాగున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి కళ్లతో కాదు, పరీక్షతో తేల్చండి.

పరీక్ష ఇది. టెండర్ వేసిన ప్రతి ఒక్కరూ ఒకే ఉదయం, ఒకే చోట, తాము వాడబోయే కెమెరా, లెన్సు, కోడెక్‌తో ఐదు నిమిషాలు నదిని, ఐదు నిమిషాలు మెట్ల మీది జనాన్ని తీయాలి. కార్డును అక్కడికక్కడే మీ మనిషి తీసుకోవాలి, ఎడిట్ చేసిన ఫైలు పుచ్చుకోవద్దు. అందులో ఒక ఫ్రేమ్ తీసి సగానికి, అంటే 3840 × 2160కి దించి సేవ్ చేయండి. దాన్ని మళ్లీ రెండింతలు చేసి అసలు ఫ్రేమ్ మీద డిఫరెన్స్ మోడ్‌లో (రెండింటి మధ్య తేడాను మాత్రమే చూపేది) పెట్టండి. ఫోటో ఎడిటింగ్ తెలిసిన ఎవరైనా పది నిమిషాల్లో చేయగలరు. మెట్ల అంచులు, చీరల నేత, చెట్ల ఆకులు గీతల్లా తేలితే ఆ ఫైలులో 4కెకి మించిన వివరం నిజంగా ఉన్నట్టు. బూడిద చల్లినట్టు నాయిస్ మాత్రమే మిగిలితే, మీరు 8కె డబ్బిచ్చి 4కె కొంటున్నట్టు. నీళ్ల ముక్కను ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ వంద శాతం సైజులో చూడండి, కోడెక్ గుట్టు అక్కడ తెలుస్తుంది. ఈ పరీక్షలో నెగ్గినవాళ్ల రేట్లే తెరవండి.

చివరిది, దాచడం. ఒకప్పుడు ఆంధ్ర సినిమా పంపిణీ చాలావరకు మన విజయవాడ గాంధీనగర్ ఆఫీసుల మీదుగా నడిచింది. ఆ కాలపు 35 ఎంఎం నెగెటివ్ పాడవకుండా ఉంటే ఇవాళ కూడా 4కెలో స్కాన్ చేసుకోవచ్చు, దానికి పెట్టె, చల్లటి గది చాలు. డిజిటల్ ఫైలుకు ఆ ఓపిక లేదు. హార్డ్‌డిస్కులను బీరువాలో పెట్టి తాళం వేస్తే 2040లో ఎన్ని తిరుగుతాయో చెప్పలేం. ఎల్‌టీఓ టేపు (డేటా దాచే క్యాసెట్) మంచిది. ఎల్‌టీఓ-9 ఒక్కోటి 18 టెరాబైట్లు పడుతుంది. డబ్బా మీద 45 అని ఉంటుంది గానీ, అది కుదించగలిగే డేటాకు. వీడియో అప్పటికే కుదించి ఉంటుంది కాబట్టి 18 లెక్కే వేసుకోవాలి. మన 214 టెరాబైట్లకు లెక్కకు 12 టేపులు, ఒకటి అదనంగా వేసుకుంటే సెట్టుకు 13, రెండు సెట్లు 26. కొత్త టేపు మొదటిసారి డ్రైవులో పెట్టినప్పుడు తనను తాను సరిచూసుకోవడానికి నలభై నిమిషాల నుంచి రెండు గంటల దాకా తీసుకుంటుంది, డ్రైవు చెడిందని మధ్యలో లాగేయకూడదు. పుష్కరాలకు ముందే అన్నిటికీ ఆ పని ముగించి పెట్టుకోవాలి.

ఎల్‌టీఓ-10 డ్రైవు ఎల్‌టీఓ-9 టేపును చదవదు. అంటే టేపులతో పాటు డ్రైవును కూడా కొని దాచాలి, 2040కి ముందే కొత్త తరానికి మార్చడానికి ఇప్పుడే నిధుల పద్దు రాయాలి. టేపుల మీద ఎల్‌టీఎఫ్ఎస్ అనే బహిరంగ పద్ధతిలో రాయించండి, ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెరుచుకునే పద్ధతిలో వద్దు. రెండో సెట్టు వేరే ఊళ్లో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో మీకూ తెలుసు, ఆఫీసులకు సెల్లారు, కింది అంతస్తు పనికిరావు. గది 16 నుంచి 25 డిగ్రీల మధ్య, తేమ 50 శాతం లోపు. ఏడాదికోసారి నాలుగైదు టేపులు తీసి చెక్‌సమ్‌తో పోల్చి సంతకం పెట్టే బాధ్యత ఒక ఉద్యోగికి పేరు పేరునా అప్పగించాలి.

పత్రంలో ఈ షరతులు రాయడానికి మా అవసరం ఉంటే పిలవండి, కూర్చుని వాక్యం వాక్యం చూస్తాం, దానికి ఫీజు అడగం. పరీక్ష ఎలా ఉంటుందో ముందే చూడాలనుకుంటే, ఈ వానాకాలంలోనే ఒక ఉదయం ఐదు గంటలకు పున్నమి ఘాట్ దగ్గరికి ఇద్దరు అధికారులను పంపండి. ఒక 8కె కెమెరా, ఒక 4కె కెమెరా, ఒకే లెన్సు తెచ్చి, పైన చెప్పిన డిఫరెన్స్ పరీక్షను వాళ్ల ఎదుటే చేసి చూపిస్తాం.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు కెమెరా, ఎడిటింగ్, కలరింగ్, డేటా పనివాళ్లు